పొరలుగా నిలిచే కాఫీ: గ్లాసులో అంతా ఎందుకు కలిసిపోతోంది?

ప్రశ్న: రాయగడ ఇల్లాలు

అందరికీ నమస్కారం. మా అబ్బాయి దసరా సెలవులకు బెంగళూరు నుంచి వస్తూ స్టవ్ మీద పెట్టి కాఫీ దించుకునే మూడు కప్పుల పాత్ర, మోకా పాట్ అంటారట, ఒకటి తెచ్చాడు. అడుగున తెల్లటి పాలు, మధ్యలో తేనెరంగు కాఫీ, పైన నురగ, మూడూ గీత గీసినట్లు విడివిడిగా నిలిచే కాఫీని పొడవాటి గాజు గ్లాసులో అక్కడి దుకాణాల్లో ఇస్తారట. దాన్ని ఇంట్లో కూడా చేయవచ్చునని వాడు చెప్పి, సెలవులు అయిపోగానే వెళ్లిపోయాడు. అప్పటి నుంచి నేను ఐదారుసార్లు ప్రయత్నించాను, ఒక్కసారి కూడా పొర నిలవలేదు.

నేను చేసిన విధానం ఇది. పాలవాడు పోసే విడి పాలను పొంగు వచ్చేదాకా కాచి, రెండు గ్లాసుల మధ్య ఎత్తి తిరగబోసి నురగ తెప్పించాను. మోకా పాట్‌లో మామూలుగా ఇంట్లో వాడే చికోరీ కలిపిన పొడిని నింపి చెంచాతో అదిమాను. అందులోంచి కాఫీ చుక్కలు చుక్కలుగా వచ్చి, చివరకు మాడు వాసన వేసింది. అందుచేత ఆ పాత్రను పక్కన పెట్టి స్టీలు ఫిల్టరులో చిక్కటి డికాషన్ దించి, వేడివేడిగా ఉండగానే అందులో మూడు చెంచాల పంచదార కరిగించి, గ్లాసులోని పాల మీద మెల్లగా పోశాను. కాఫీ పైన ఆగకుండా తిన్నగా అడుగుకు దిగిపోయింది. అక్కడి నుంచి గోధుమరంగు మబ్బులా పైకి లేచి, అర నిమిషంలో గ్లాసంతా మనం రోజూ తాగే కాఫీ రంగుకే వచ్చింది. చెంచా వెనుక వైపు మీదుగా పోసినా అదే తంతు. ఎస్ప్రెసో యంత్రం లేనిదే ఇది కుదరదా, లేక నేను చేసేదానిలోనే పొరపాటు ఉందా? దయచేసి తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం: కొరాపుట్ మాస్టారు

అమ్మా, మీరు చేసిన పనిలో ఒక్క పొరపాటే పెద్దది. పంచదారను పాలల్లో వేయవలసింది పోయి డికాషన్‌లో వేశారు. మిగిలినవి చిన్నవి, వాటి సంగతి తరువాత చెబుతాను.

గ్లాసులో పొర నిలవడానికి చేతి నైపుణ్యం కంటే ద్రవాల బరువు ముఖ్యం. ఒకే కొలతలో తీసుకున్నప్పుడు ఏది ఎక్కువ బరువు తూగుతుందో అది అడుగున ఉంటుంది, ఏది తేలికో అది పైన నిలుస్తుంది. పాల సాంద్రత 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 1.03 ఉంటుంది, అంటే లీటరు పాలు నీటికంటే ముప్పై గ్రాములు ఎక్కువ తూగుతాయి. ద్రవం వేడెక్కిన కొద్దీ తేలికవుతుంది. మామూలు నీరే 20 డిగ్రీల వద్ద 0.998 ఉండేది 80 డిగ్రీలకు చేరేసరికి 0.972కు తగ్గుతుంది. కాబట్టి 60 డిగ్రీల పాల మీద 80 డిగ్రీల పలుచని కాఫీని నెమ్మదిగా పోస్తే, ఆ కాఫీ తేలికగా ఉండి పైన నిలుస్తుంది. ఇక్కడ రెండింటి మధ్య తేడా నూటికి రెండు మూడు వంతులే. అంత సన్నటి తేడాను చెడగొట్టడానికి పంచదార చాలు.

మీరు మూడు చెంచాల పంచదారను, అంటే 12 నుంచి 15 గ్రాములను, అరవై మిల్లీలీటర్ల డికాషన్‌లో కరిగించారని అనుకుందాం. దాని సాంద్రత 0.06 నుంచి 0.08 వరకు పెరుగుతుంది. వేడి వల్ల వచ్చిన తేలికదనమంతా అక్కడితో పోయి, డికాషన్ పాలకంటే బరువైన పానకంలా తయారవుతుంది. పానకం పాల మీద తేలదు గదా! అదే పంచదారలో రెండు చెంచాలు గ్లాసెడు పాలల్లో కలిపితే పాల సాంద్రత సుమారు 0.02 పెరిగి, తేడా మీకు అనుకూలంగా రెట్టింపు అవుతుంది. ఒకే దినుసు, వేసే చోటు మారితే ఫలితం తలకిందులవుతుంది.

నమ్మకం కుదరకపోతే ఒక చిన్న పరీక్ష చేయండి. గాజు గ్లాసులో ఫ్రిజ్‌లోని చల్లటి నీళ్లు పోసి, పంచదార కలిపిన వేడి కాఫీని ఒక చెంచాతో అంచు వెంట జారవిడవండి. అది గోధుమరంగు తాడులా అడుగుకు దిగుతుంది. మరో గ్లాసులో పంచదార లేని పలుచని వేడి కాఫీని అలాగే విడవండి. అది పైనే పరుచుకుని చాలాసేపు ఉంటుంది. నేను బడిలో పిల్లలకు సాంద్రత పాఠం చెప్పేటప్పుడు రంగునీళ్లతో చూపించిన ప్రయోగమే ఇది. అప్పట్లో దీన్ని తాగవచ్చునన్న ఆలోచన నాకు రాలేదు.

ఇక చికోరీ విషయం. మన దేశంలో కాఫీ, చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలన్నది నియమం, ఆ శాతాలు పొట్లం మీద ముద్రించి ఉంటాయి. చికోరీలో నీటికి కరిగిపోయే పదార్థం కాఫీ కంటే చాలా ఎక్కువ కాబట్టి డికాషన్ చిక్కగా, బరువుగా దిగుతుంది. పాలతో కలిపి తాగడానికి అదే రుచి, పాల మీద తేల్చడానికి మాత్రం అదే అడ్డు. పైగా మోకా పాట్ జల్లెడలో చికోరీ తడిసి జిగురులా పట్టేస్తుంది. మీ పాత్రలోంచి కాఫీ చుక్కలుగా రావడానికి కారణం అదే, దానికి తోడు మీరు పొడిని అదిమారు.

మోకా పాట్‌ను ఇటలీలో 1933లో ఆల్ఫోన్సో బియాలెట్టి పేరిట తయారు చేయడం మొదలైంది. అడుగు గదిలో నీటి ఆవిరి ఒత్తిడికి వేడినీరు పొడిలోంచి పైకి ఎగబాకుతుంది. ఆ ఒత్తిడి ఒకటిన్నర బార్ ఉంటే ఎక్కువ, ఎస్ప్రెసో యంత్రంలో అది 9 బార్ల దాకా ఉంటుంది. అందువల్ల యంత్రంలోని కాఫీ మీద వచ్చే బంగారురంగు మీగడలాంటి క్రీమా మోకా పాట్‌లో రాదు. ఎస్ప్రెసోలో కరిగిన పదార్థం నూటికి 8 నుంచి 12 వంతులు ఉంటుంది, మోకా కాఫీలో అంతకంటే బాగా తక్కువ. చాలామంది దీన్ని మోకా పాట్ లోపంగా చెబుతారు. నా ఉద్దేశంలో పొరల పానీయానికి అది లోపం కాదు, సదుపాయం. పలుచన కాబట్టి తేలికగా తేలుతుంది. యంత్రం లేదని మీరు విచారించనక్కరలేదు.

చికోరీ లేని పొడిని ఫిల్టరు పొడికంటే కొంచెం సన్నగా, చేతికి సన్న రవ్వలా తగిలేటట్లు ఆడించుకోండి. మా కొరాపుట్ కొండల మీద సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మిరియాల తీగల నడుమ పండే అరబికా ఇందుకు బాగుంటుంది. 2019 నుంచి ఒడిశా గిరిజన అభివృద్ధి సహకార సంస్థ దాన్ని కొరాపుట్ కాఫీ అన్న పేరుతోనే అమ్ముతోంది. అడుగు గదిలో కాగిన నీళ్లను, ఒత్తిడి పెరిగితే ఆవిరిని వదిలేసే పక్కనున్న చిన్న మర దిగువ వరకే పోసి, పొడిని అదమకుండా వేలితో చదును చేసి, గుడ్డతో పట్టుకుని పై భాగాన్ని బిగించి, సన్నటి మంట మీద మూత తెరిచి ఉంచండి. కాఫీ తేనెధారలా వస్తున్నంతసేపు ఉంచి, ధార తెల్లబడి గురగుర శబ్దం మొదలవగానే దించి, అడుగు భాగాన్ని కుళాయి కింద పట్టండి. మాడు వాసన రాదు.

సమాధానం: బరంపురం వంటిల్లు

మాస్టారు గారు కాఫీ సంగతి చెప్పారు కాబట్టి నేను పాల సంగతి చెబుతాను. రాయగడ అక్కయ్య గారూ, ఎత్తి తిరగబోసినప్పుడు వచ్చే నురగ మన ఫిల్టరు కాఫీకి శోభ, కాని ఈ గ్లాసుకు పనికిరాదు. దాని బుడగలు కందిగింజంత ఉంటాయి. అవి పగిలిపోతుంటే కాఫీ ధార ఆ కన్నాల్లోంచి నేరుగా పాలల్లోకి దూకుతుంది. మీకు కావలసింది బుడగ కంటికి కనపడనంత సన్నగా, దోసెల పిండి పులిసినప్పుడు ఉండేలాంటి నురగ. కాఫీ దాని మీద పడి, వేగం చచ్చి, దానిలోంచి ఊరుతూ కిందికి దిగాలి. చెంచా చేసే పని కూడా అదే, నురగ బాగుంటే చెంచా అవసరమే రాదు.

నురగను నిలబెట్టేది పాలల్లోని మాంసకృత్తులు, కొవ్వు కాదు. 3 శాతం కొవ్వు ఉన్న టోన్డ్ పాలు ఎత్తైన నురగ ఇస్తాయి, 6 శాతం కొవ్వు ఉన్న ఫుల్ క్రీమ్ పాలు కమ్మగా ఉంటాయి గాని నురగ పొట్టిగా వస్తుంది. నేను రెండు ప్యాకెట్లూ సగం సగం కలుపుతాను. ప్యాకెట్ పాలు ముందే పాశ్చరైజ్ చేసినవి కాబట్టి పొంగు రానివ్వనక్కరలేదు. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలల్లో పంచదార కలిపి, సన్నటి సెగ మీద పెట్టి, గిన్నె అంచున చిన్న బుడగలు కట్టి ఆవిరి లేవడం మొదలవగానే దించేస్తాను. అది 60, 65 డిగ్రీల మధ్య ఉంటుంది. గిన్నెను బయటి నుంచి తాకితే వేలు క్షణం కూడా ఆగదు. 70 డిగ్రీలు దాటితే పాలకు ఉడికిన వాసన పడుతుంది, నురగ కూడా త్వరగా కూలుతుంది.

విడి పాలైతే మాత్రం తప్పకుండా పొంగించి కాచాలి, రుచి కోసం ఆ జాగ్రత్తను వదులుకోకూడదు. కాచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి, మరునాడు మీగడంతా సన్నటి వడగట్టుతో తీసేసి అప్పుడు వేడి చేయండి. మీగడ తునక ఒక్కటి మిగిలినా దాని చుట్టూ నురగ పగులుతుంది.

నురగకు నేను ఏ పరికరమూ కొనలేదు. మజ్జిగ చిలికే చిన్న చెక్క కవ్వాన్ని పొడవాటి స్టీలు చెంబులోని వేడి పాలల్లో సగం వరకు ముంచి అర నిమిషం గిరగిరా తిప్పుతాను. తరువాత చెంబును గట్టు మీద రెండుసార్లు ఠక్కుమని తాటిస్తే పెద్ద బుడగలు పగిలి, సన్నవి మిగులుతాయి. కవ్వానికి మజ్జిగ వాసన ఉండకూడదు సుమండీ. మొదటిసారి నాకు ఆ సంగతి తట్టక, పుల్లటి కాఫీ తాగాను.

గ్లాసులో పోశాక అర నిమిషం కదపకుండా ఉంచండి. పాలు కిందికి, నురగ పైకి విడిపోతాయి. అప్పుడు నురగ నడిబొడ్డున కాఫీని పెన్సిలు ములుకంత సన్నటి ధారగా పోయాలి. పావు లీటరు పట్టే గ్లాసుకు 160 మిల్లీలీటర్ల పాలు, 40 మిల్లీలీటర్ల కాఫీ సరిపోతాయి. గ్లాసును ముందుగా వేడినీళ్లతో తొలవడం మరచిపోవద్దు. మామూలు గాజు చలికాలంలో చిట్లుతుంది, బోరోసిలికేట్ గాజు అయితే ఆ భయం తక్కువ.

సమాధానం: పర్లాకిమిడి తాతగారు

ఇటలీవారు ఈ పానీయాన్ని లాటే మకియాటో అంటారు. లాటే అంటే పాలు, మకియాటో అంటే మరక పడినది, మచ్చ పడిన పాలు అన్నమాట. ఉచ్చారణ వింటే ఆ మచ్చ మన తెలుగు మచ్చే అనిపిస్తుంది, చుట్టరికం మాత్రం లేదు. కలిపి తాగవలసిన వస్తువును ఇంత కష్టపడి విడదీయడం ఎందుకో నాకు అర్థం కాదు గాని, అడిగారు కాబట్టి నాకు తెలిసిన మాట ఒకటి చెబుతాను.

నేను పాల సేకరణ కేంద్రంలో చాలా ఏళ్లు పనిచేశాను. అమ్మాయీ, నువ్వు పంచదార చోటు మార్చే ముందు నీ పాలవాడి పాలను లాక్టోమీటరుతో ఒకసారి కొలిచి చూడు. మంచి పాలకు అది 26 నుంచి 32 వరకు చూపుతుంది, అంటే సాంద్రత 1.026 నుంచి 1.032 అని అర్థం. అందులో నీళ్లు కలిస్తే అంకె పడిపోతుంది. మాస్టారు చెప్పిన ఆ సన్నటి తేడాలో కొంత నీ పాలవాడి బిందెలోనే పోయి ఉండవచ్చు. చూసేటప్పుడు పాలు చల్లారి ఉండాలి, వేడి పాలల్లో ముంచితే అంకె తప్పుగా వస్తుంది.

ప్రశ్న వేసినవారు: రాయగడ ఇల్లాలు

మీ ముగ్గురికీ ధన్యవాదాలు. తాతగారూ, మీ అనుమానం నిజమే. పక్కింటివారి దగ్గర లాక్టోమీటరు ఉంటే అడిగి తెచ్చి చూశాను, 22 దగ్గర ఆగింది. మంచి పాలకు 30 అనుకుంటే, లెక్క ప్రకారం పావు వంతుకు పైగా నీళ్లే. ఆ సంగతి పాలవాడితో వేరుగా మాట్లాడుకుంటాను. ప్రస్తుతానికి ప్యాకెట్ పాలు తెప్పించాను.

నిన్న సాయంత్రం మొదటి గ్లాసులో పంచదార పాలల్లో వేసి, కవ్వంతో చిలికి, అర నిమిషం ఆగి, మోకా పాట్‌లోని కాఫీని నురగ మధ్యలో పోశాను. నురగ మీద బొట్టంత గోధుమరంగు మచ్చ పడింది. దాని కింద గాజు వెంట కాఫీ పక్కలకు పరుచుకుంటూ, రెండు వేళ్ల మందాన పట్టీలా నిలబడింది. పాల అంచు దగ్గర కొంచెం లేతగా కలిసింది గాని గీత స్పష్టంగా కనిపించింది. పది నిమిషాల తరువాత కూడా అలాగే ఉంది.

అయితే రెండవ గ్లాసుకు ఒక విచిత్రం జరిగింది. నురగ సరిగా రాకపోవడంతో విసుగు వచ్చి, నురగ తీసేసి, కాఫీని కొంచెం ఎత్తు నుంచి గబుక్కున పోసేశాను. మొదట అంతా మసకగా కలిసిపోయినట్లే ఉంది. ఫోను వస్తే మాట్లాడి తిరిగి వచ్చేసరికి గ్లాసులో ఒకటి కాదు, నాలుగైదు పట్టీలు, అడుగున లేతగా, పైకి పోయేకొద్దీ ముదురుగా, మెట్లు మెట్లుగా ఏర్పడి ఉన్నాయి. మెల్లగా పోస్తేనే పొర నిలుస్తుందని కదా అన్నారు! గబుక్కున పోసినదానికి ఎక్కువ పొరలు ఎలా వచ్చాయి, మాస్టారూ?

సమాధానం: కొరాపుట్ మాస్టారు

అమ్మా, మీకు తెలియకుండానే మంచి ప్రయోగం చేశారు. ఇదే ప్రశ్నను అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రానికి చెందిన ఒక విశ్రాంత ఇంజినీరు తన గ్లాసులో చూసి, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో ద్రవాల కదలికలను పరిశోధించే హోవార్డ్ స్టోన్ గారికి రాశారు. వారి బృందం పరిశీలించి, 2017 డిసెంబరులో నేచర్ కమ్యూనికేషన్స్ అనే పత్రికలో ఫలితాలు ప్రచురించింది.

మీ మొదటి గ్లాసులోని పొరలు మనం పెట్టినవి, రెండవ గ్లాసులోనివి వాటంతట అవి ఏర్పడినవి. ఈ రెండింటికీ కారణాలు వేరు. గబుక్కున పోసినప్పుడు కాఫీ ధార పాలల్లోకి లోతుగా దూరి కలుస్తుంది, కాని గ్లాసంతా ఒకే పాళ్లలో కలవదు. అడుగున పాలు ఎక్కువ, పైకి పోయేకొద్దీ కాఫీ ఎక్కువ, అంటే కింద బరువు, పైన తేలిక, మధ్యలో క్రమంగా మారే మిశ్రమం మిగులుతుంది. ఆ తరువాత గాజు గోడ చల్లబడుతుంది. గోడకు ఆనుకున్న ద్రవం చల్లబడి, బరువెక్కి కిందికి జారుతుంది. కాని కింద ఉన్నది ఇంకా బరువైనది కాబట్టి తనతో సమానమైన బరువున్న చోటికి రాగానే ఇక దిగలేక లోపలికి మళ్లుతుంది. ఇలా ప్రతి ఎత్తులోనూ ఒక్కొక్క చక్రం తిరుగుతూ, తన పరిధిలో ఉన్నదాన్ని ఒకే రంగుకు కలుపుతుంది. చక్రానికి చక్రానికి మధ్య మాత్రం గీత మిగులుతుంది. ఆ గీతలే మీరు చూసిన మెట్లు.

ధార వేగం ఒక హద్దుకంటే తక్కువైతే ఈ మెట్లు రావని కూడా వారు గమనించారు. మెల్లగా పోసిన కాఫీ పాలల్లోకి దూరక పైనే మిగిలిపోతుంది కాబట్టి, మెట్లుగా విడిపోవడానికి కావలసిన ఆ క్రమమైన మిశ్రమమే తయారు కాదు. కాబట్టి రెండు పద్ధతులూ సరైనవే. మూడు పొరలు కావాలంటే నురగ వేసి సన్నటి ధారగా పోయండి. మెట్లు కావాలంటే నురగ లేని వేడి పాలల్లో గట్టి ధారగా పోసి, చెంచా తగలనివ్వకుండా వదిలేయండి. రెండవ దానిలో పంచదార కొంచెం తగ్గించి చూడండి. పాలు మరీ బరువెక్కితే ధార లోతుకు పోకముందే వెనక్కి తేలిపోతుంది.

సమాధానం: జయపురం కాఫీప్రియుడు

అందరూ వేడి గ్లాసు గురించే చెబుతున్నారు గాని, మొదటిసారి చేసేవారికి ఐసు గ్లాసు చాలా సులువు. గ్లాసు నిండా ఐసు ముక్కలు వేసి, పంచదార కలిపిన చల్లటి పాలు ముప్పావు వంతు పోసి, పైన ఉన్న ఐసు ముక్క మీద పడేటట్లు కాఫీని పోస్తే చాలు. ఐసు చెంచాలా ధారను ఆపుతుంది, చల్లటి పాలు బరువుగా ఉంటాయి, వేడి కాఫీ తేలికగా ఉంటుంది. మూడూ కలిసివస్తాయి. మే నెలలో మా ఇంట్లో ఇదే నడుస్తుంది.

ఇంకా సులువైనది స్పెయిన్‌లోని వాలెన్సియా వైపు తాగే బొంబొన్. చిన్న గాజు గ్లాసులో సగం వరకు డబ్బా గట్టిపాలు, అంటే మనం పాయసంలో వేసే మిల్క్‌మెయిడ్ లాంటిది, దాని మీద అంతే కాఫీ. ఆ గట్టిపాల సాంద్రత 1.3 దాకా ఉంటుంది కాబట్టి చికోరీ డికాషన్ పోసినా మునగదు. అక్కయ్య గారూ, మీ పాత పొడిని పారేయకుండా దీనికి వాడుకోవచ్చు. అయితే పంచదార ఒక్క పలుకు కూడా వేయవద్దు, తీపి అప్పటికే ఎక్కువ. నాకైతే గ్లాసులో మూడవ వంతు గట్టిపాలే చాలు.

ప్రశ్న వేసినవారు: రాయగడ ఇల్లాలు

బొంబొన్ ఈ రోజే చేశాను. పాత పొడితోనే, స్టీలు ఫిల్టరు డికాషన్‌తోనే, చెంచా కూడా అడ్డం పెట్టకుండా పోశాను. నలుపు, తెలుపు కత్తితో కోసినట్లు నిలిచాయి. మాస్టారూ, మెట్ల గ్లాసు మళ్లీ చేస్తే ఈసారి రెండే పట్టీలు వచ్చాయి. పైన ఫ్యాను తిరుగుతోంది, అది కారణమా?

సమాధానం: కొరాపుట్ మాస్టారు

ఫ్యాను గాలి నేరుగా గ్లాసు మూతి మీద పడితే కాఫీ పైభాగం త్వరగా చల్లబడి, బరువెక్కి కిందికి దిగుతూ పై పట్టీలను కలిపేస్తుంది. కారణం అది కావచ్చు. ఈసారి గ్లాసు మీద చిన్న మూత పెట్టి, వంటింటి గట్టు మీద గాలి తగలని మూలన ఉంచి, పది నిమిషాలు ఆగి చూడండి. ఎన్ని పట్టీలు వచ్చాయో ఇక్కడ రాయండి.